గేటు దగ్గర గొయ్యి

ఇటు తెనాలి నుంచి అటు సూర్యలంక ఇసక దాకా, ఇంటి ముందు గ్రావెల్ దారిని చదును చేయడంలో నన్ను కొట్టేవాడు లేడు బావా. ఈ మాట ఎక్కడైనా అంటాను, ఎవరి ముందైనా అంటాను. అంటే... చదును చేసేది రామకోటే అనుకోండి. మోపెడ్ నడిపేదీ రామకోటే. దాని వెనక తాడుతో కట్టిన ఇనప మంచం మీద బరువు కోసం కూర్చునేది నేను. డెబ్భై నాలుగు కిలోలు. ఆ ఒక్క విషయంలో నాకు పోటీ లేదు.

నవ్వకండి. దవడకి కట్టిన తీగలు లాగుతాయని డాక్టరుగారు చెప్పారా లేదా? నవ్వలేదా? మరి ఆ చప్పుడేంటి? ఓహో, తిట్టా. తిట్టండి, తిట్టండి. పన్నెండు రోజుల నుంచీ మీరేం తిట్టినా నాకు 'ఊ ఊ' అనే వినపడుతోంది. మా అక్కని మీకిచ్చిన ఈ పదేళ్ళలో మనిద్దరం ఇంత సఖ్యంగా ఎప్పుడన్నా ఉన్నామా చెప్పండి?

ముందు ఆ పలక ఇటివ్వండి. అలా నొక్కి రాస్తారేంటి బావా, ఎదురింటి పింకీ పలక అది, తిరిగివ్వాలి. ఏం రాశారు?

"రామకోటి గది ఖాళీ చేయించు. తప్పు చేసి మొహం చాటేశాడు. ఇక అక్కర్లేదు."

ఊ.

రేపు డిస్చార్జి. మీరు ఇల్లు చేరేసరికి గేటు పక్క గదికి తాళం ఉండాలి, ట్రంకుపెట్టె బయట ఉండాలి. అంతేగా? అక్క పైకి రాగానే చూపించమంటున్నారు. చూపిస్తాలెండి. అక్క కింద మందుల షాపు దగ్గర లైన్లో ఉంది, ఇంకో పావుగంట పడుతుంది. ఈలోగా ఈ గ్లాసు తాగండి. ఏంటంటే ఇడ్లీ. నిన్న ఉప్మా తాగారు కదా, ఇవాళ ఇడ్లీ తాగండి. సాంబారు కూడా ఇందులోనే ఉంది, విడిగా అడక్కండి.

తాగరా? సరే, పక్కన పెడతాను.

తొమ్మిదేళ్ళు మన దగ్గరున్న మనిషి, పన్నెండు రోజుల్లో ఒక్కసారి తొంగి చూడలేదని కదా మీ బాధ? నాకు తెలుసు. తలుపు చప్పుడైతే చాలు అటు చూస్తున్నారు. మెడ తిరగదు కాబట్టి ఒట్టి కళ్ళతో చూస్తున్నారు. మొన్న వెంకటరత్నమ్మ పిన్ని వచ్చింది. మీకు పదేళ్ళుగా ఆవిడతో మాటల్లేవు. ఆవిడ కూడా బత్తాయిలు పట్టుకుని వచ్చింది. నమల్లేని మనిషికి బత్తాయిలు. అవి నేనే తిన్నాను, అది వేరే విషయం. ఆవిడ వచ్చింది, రామకోటి రాలేదు. అదే మిమ్మల్ని తినేస్తోంది.

అసలు తప్పంతా మీ దారిది బావా. కోప్పడకండి, విన్నాక కోప్పడండి. మన వీధి మొత్తం సిమెంటు పోయించుకుంది. కలిగినవాళ్ళు టైల్స్ పరిపించుకున్నారు. రేపల్లె మొత్తానికి మీరొక్కరే, గేటు నుంచి వరండా దాకా అరవై అడుగులు, కింద ఎర్ర గ్రావెల్, పైన బూడిద రంగు కంకర చిప్స్. ఎందుకండీ అంటే సిమెంటు మీద నీళ్ళు నిలబడతాయి, గ్రావెల్ నీళ్ళు తాగుతుంది అని క్లాసు పీకుతారు. కాలేజీలో పిల్లలైతే ఫీజు కట్టారు కాబట్టి వింటారు. పాలు పోయడానికి వచ్చినవాడికి కూడా ఆ పాఠమేనా?

మా పెద్దనాన్న వెంకట్రామయ్యగారిని ఏం చేశారో గుర్తుందా? ఎనభై ఏళ్ళు, మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. చేతికర్ర గుచ్చితే దారికి చిల్లులు పడతాయని గోడ వారన, గులాబీ ముళ్ళ పక్కనుంచి నడిపించారు. ఇంటికెళ్ళి పంచెలో ముళ్ళు తీసుకున్నాడట పాపం. మళ్ళీ మన గడప తొక్కలేదు.

కానీ పొద్దున్న ఆరింటికి చూడాలి మీ దారి. రామకోటి ముందు పైపుతో నీళ్ళు చల్లేవాడు. ఎక్కువైతే బురద, తక్కువైతే దుమ్ము, ఆ కొలత అతని చేతికే తెలుసు. పక్కలకి చెదిరిపోయిన చిప్స్‌ని దంతెతో మధ్యకి లాగేవాడు. మధ్యలో ఎత్తుండాలి, రెండు పక్కలకీ వాలుండాలి, లేకపోతే వానకి మధ్యలో కాలవ కడుతుందనేవాడు. ఆ తర్వాత మంచం. మీ నాన్నగారి నవారు మంచం, నవారు పీకేస్తే మిగిలిన ఇనప చట్రం. దాని మీద అడ్డంగా చెక్క, చెక్క మీద నేను. గ్రూప్ టూ పరీక్షలకి చదువుతానని మీ ఇంట్లో మూడేళ్ళుగా ఉంటున్నందుకు, నా చేత మీరు చేయించుకున్న పనల్లా అదే.

మోపెడ్ కదిలేది. పింకీ డాబా మీద నుంచి రైట్ రైట్ అని అరిచేది. గేటు దగ్గరికి రాగానే రేపల్లె, రేపల్లె, అందరూ దిగాలి అనేది. మీరు వరండాలో కాఫీ గ్లాసుతో నిలబడి గీతలు చూసుకునేవారు. దువ్విన తలలా ఉందిరా చంటీ అనేవారు. ఆ మాట నాతో అనేవారు గానీ, ఒక్కసారి కూడా రామకోటితో అనలేదు. నేను లెక్కపెట్టాను కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడెలా ఉందో చెప్పనా? ఇడ్లీ రేకులా ఉంది. నేనే మోపెడ్ నడుపుతున్నాను కదా, మంచం మీద బరువుకి తవుడు బస్తా పెట్టాను. మలుపులో బస్తా పడిపోయింది, చిరిగింది. వీధిలో ఉన్న ఆవులన్నీ మీ దారి మీదికి వచ్చాయి. రెండు గంటలున్నాయి. పైన ఆవులు చేసిన పని కూడా ఉంది, అది మీరు రేపు స్వయంగా చూస్తారు.

రెయిలింగు కొట్టకండి, సిస్టర్ వస్తుంది.

సరే. అసలు విషయానికి వస్తాను. పలక నా ఒళ్ళోనే ఉంది, చెరపలేదు, చూడండి.

మొహం చాటేసింది రామకోటి కాదు బావా.

ఆ ఆదివారం మీరూ అక్కా బాపట్లలో పెళ్ళికి రైల్లో వెళ్ళారు. అంతకు ముందు మూడు రోజులు వాన. కారు ఇంట్లోనే ఉంది. బాపట్ల అంటే గుర్తొచ్చింది, ప్రియాంకా వాళ్ళదీ బాపట్లే కదా. మీరే తెచ్చిన సంబంధం. ఆ అమ్మాయి ఫోన్లో ఏదో మాటల్లో డ్రైవింగు వచ్చా అంది. వచ్చన్నాను. మూడేళ్ళుగా మీ కారులో మీ పక్కనే కూర్చుంటున్నాను, ఆ మాత్రం రాకుండా ఉంటుందా అనుకున్నాను. అయితే ఓ ఫొటో పంపండి అంది.

గేటు దగ్గర కాగితం పూల చెట్టు కింద వెలుగు బాగుంటుంది. అక్కడిదాకా తీసుకెళ్ళి, ఫొటో దిగి, వెనక్కి తెచ్చి పెట్టేద్దామనుకున్నాను. ముందుకి బాగానే వెళ్ళింది. వెనక్కి రాలేదు. గేటుకి రెండడుగుల ఇవతల నేల నాని ఉంది, చక్రం దిగింది. ఆక్సిలేటరు తొక్కాను. చిప్స్ పేలాలు ఎగిరినట్టు ఎగిరి గోడకి కొట్టుకున్నాయి. ఇంకా తొక్కాను. దిగి చూస్తే మోకాలి లోతు గొయ్యి, అడుగున ఎర్ర నీళ్ళు.

మధ్యాన్నం భోజనం చేసి పడుకున్న రామకోటి ఆ చప్పుడికి లేచి వచ్చాడు. గోనె సంచులు తెచ్చాడు, చక్రం కింద దోపాడు, వెనక నుంచి తోశాడు. అరవై ఆరేళ్ళ మనిషి తోస్తుంటే నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. కారు షెడ్డులో పెట్టాక గొయ్యిలో నీళ్ళు తోడేశాడు. నేను పారతో చిప్స్ ఎత్తబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"మీద చిప్స్ కప్పితే చూడ్డానికి బాగుంటుంది చంటిబాబూ. కాలేస్తే లోపలికి పోద్ది. రాత్రికి ఆరనివ్వాలి. పొద్దున్నే కొంచెం కొంచెంగా గ్రావెల్ వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టుకుంటూ రావాలి."

అని, ఓ కర్రకి ఎర్ర గుడ్డ కట్టి గొయ్యిలో పాతాడు. ట్రాక్టరు సుబ్బారావు దగ్గర గ్రావెల్ ఉందేమో అడిగొస్తానని సైకిలెక్కి వెళ్ళాడు.

అతను అటు వెళ్ళాడు, ఇటు మీ ఫోను. స్టేషన్లో దిగాం, ఆటో ఎక్కుతున్నాం, పది నిమిషాలు అన్నారు.

పది నిమిషాలు. గొయ్యి చూస్తే మీరు ఎలా పడిందని అడుగుతారు. అడిగితే కారు అని చెప్పాలి. కారు అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకంటే ఫొటో. మీరా మాట అందుకుని, ప్రియాంకా వాళ్ళ నాన్నతో సహా ఊరందరికీ చెప్పి, పదేళ్ళు నవ్వుతారు. మీరు నవ్వడం మొదలుపెడితే ఆగరు బావా. నేను పరీక్ష తప్పినప్పుడు చూశాను కదా.

కర్ర పీకి మొక్కల వెనక పడేశాను. పారతో చిప్స్ ఎత్తి పోశాను. దంతెతో లాగాను, మధ్యలో ఎత్తు, పక్కలకి వాలు. ఓ చెయ్యి నడుం మీద పెట్టుకుని దూరం నుంచి కూడా చూసుకున్నాను. ఏ మాటకామాట, బాగా వచ్చింది. అచ్చం రామకోటి చేసినట్టే వచ్చింది. అదే మీ దవడ కొంప ముంచింది.

మామూలుగా మీరు కూడా గోడ వారనే నడుస్తారు. ఆ రోజు గేటు తీసి, దారి చూసి మురిసిపోయారు. అక్క వైపు తిరిగి, చూశావా అంటూ అడుగేశారు. 'చూశా' దగ్గర కాలు లోపలికి పోయింది. 'వా' దగ్గర గడ్డం గేటు గడియకి తగిలింది.

నేను వరండాలో నిలబడి చూస్తున్నాను. ముందు నవ్వొచ్చింది. మీరు లేవలేదు, అప్పుడు ఆగిపోయింది.

అలా చూడకండి. మీరు మాట్లాడలేరు కాబట్టే చెప్పగలుగుతున్నాను. రేపెప్పుడో తీగలు విప్పాక చెప్పాలంటే నాకీ జన్మకి నోరు రాదు.

రామకోటి సైకిలు మీద తిరిగొచ్చేసరికి ఇదీ సంగతి. మిమ్మల్ని చూశాడు, గొయ్యి చూశాడు, కర్ర కోసం చూశాడు. నన్ను చూడలేదు. మిమ్మల్ని ఎత్తి ఆటోలో పెట్టుకున్నాడు. రేపల్లెలో డాక్టరు తెనాలి తీసుకెళ్ళమంటే, ఆ గంట సేపూ మీ తల అతని ఒళ్ళోనే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. మీకు సగం తెలివే ఉంది, అయినా అది మీకు గుర్తుంది. నాకు తెలుసు గుర్తుందని. అందుకే ఆ తర్వాత రాలేదని ఇంత మంట.

ఇక్కడ మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళారు. నన్నొక్కణ్ణే రానిచ్చారు. మీరు చెయ్యి ఊపి పెన్ను అడిగి, స్కాన్ కవరు మీద ఏదో గీకి, బయట వాళ్ళకి చెప్పమని సైగ చేశారు. నేను ఆ ముక్క చింపుకుని వరండాలోకి వచ్చాను.

అక్కడ అక్క రామకోటిని నిలదీస్తోంది. తొమ్మిదేళ్ళుగా లేనిది ఇవాళ గొయ్యెలా వచ్చింది, వస్తే రాయో రప్పో అడ్డం పెట్టాలి గానీ అలా కప్పెట్టి పోతావా అంటోంది. ఏడుస్తూ అడుగుతోంది, గట్టిగా అడుగుతోంది. జనం చూస్తున్నారు. రామకోటి మెల్లిగా తలెత్తి నా వైపు చూశాడు.

బెదిరించినట్టు కాదు బావా. చెప్పు, లేకపోతే నేను చెప్తాను అన్నట్టు కూడా కాదు. నువ్వే చెప్తావులే అన్నట్టు చూశాడు. అంత నమ్మకంగా నన్ను ఎవరూ చూడలేదు, మా అమ్మతో సహా. ఆ చూపు ఇంకో క్షణం ఉంటే చచ్చిపోతాననిపించింది.

అక్క చెయ్యి చాచింది, ఏం రాశార్రా అంది. కళ్ళజోడు పెళ్ళిలో తీసి బ్యాగులో పడేసింది, చదవలేదు. నేను చదివాను. పెద్దగా, అందరికీ వినపడేలా చదివాను.

"రామకోటిని ఇవాళే వెళ్ళిపొమ్మనండి. నా కళ్ళ పడకూడదు."

అక్క ఏడుపు ఆగిపోయింది. ఆయనే అన్నాక నేను చెప్పేదేముంది అంది.  రామకోటి పై కండువాలో కట్టుకున్న మూట విప్పాడు. మీ వాచీ, మీ చెప్పులు. తుడిచి ఉన్నాయి. అక్క కాళ్ళ దగ్గర పెట్టి వెనక్కి తిరిగాడు.

మీరు అలా రాయలేదు. నాకు తెలుసు. మీకూ తెలుసు. కాస్త ఊపిరి తీసుకోండి బావా, ముక్కుతో, ముక్కుతో.

అక్కకేమో రామకోటి పేరెత్తితే మీ బీపీ పెరుగుతుందని డాక్టరు చెప్పారన్నాను. మీకేమో కూతురికి ఒంట్లో బాగాలేక దుగ్గిరాల వెళ్ళాడన్నాను. కూతురు గుండ్రాయిలా ఉంది. నాలుగో రోజు నేను వెళ్ళి చూశాను కదా. పసుపు యార్డులో బస్తాల మూతులు కుడుతున్నాడు. చేతులు, గోళ్ళు, కనుబొమ్మలు కూడా పసుపు. పెళ్ళికొడుకులా ఉన్నావు రామకోటీ అన్నాను. అవును, అన్నాను. నా నోట్లో అలాంటివే వస్తాయి, ఏం చేయను?

నవ్వాడు. టీ తెప్పించాడు. అయ్యగారు నమిలి తింటున్నారా అని అడిగాడు. పొద్దున్నే నీళ్ళు చల్లుతున్నావా అని అడిగాడు. ఇంకేం అడగలేదు. అడిగితే ఇవాళే చెప్తానని చెబుదామని వెళ్ళాను. అడగలేదని బస్సెక్కి వచ్చేశాను. అది జరిగి ఎనిమిది రోజులైంది.

రోజూ పొద్దున్న మీ పక్కన కూర్చుని ఇవాళ చెప్పేద్దామనుకుంటాను. రోజూ మీరు పలక మీద రామకోటి ఏడీ అని రాస్తారు. రోజూ నేనో జోకు వేస్తాను. ఇవాళ మీరు ఇది రాశారు. పన్నెండు రోజుల కింద నేను కల్పించి చదివింది, ఇవాళ మీరు మీ చేత్తో నిజంగా రాశారు. ఇక నేను నోరు మూసుకుంటే చాలు. అక్క వస్తుంది, చదువుతుంది, తాళం వేస్తుంది. ఇంత సులువుగా నా పని ఎప్పుడూ అవలేదు.

లిఫ్టు చప్పుడైంది. అక్కేమో.

ఇదిగో. తీసుకోండి. నా పర్సులోనే ఉంది, పారేయడానికి చెయ్యి రాలేదు. మీ రాతే, మత్తుమందుకి కాస్త వంకర పోయింది. కళ్ళు అలా మూసుకుంటే ఎలా? సరే, నేనే చదువుతాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువుతాను.

"రామకోటి చొక్కా నిండా నా రక్తమే. ముందు వేరే చొక్కా కొనివ్వండి. పొద్దుటి నుంచీ ఏం తిన్నాడో, అన్నం పెట్టించండి. నా మంచం పక్కనే ఉండమనండి."

ఆ చొక్కాతోనే దుగ్గిరాల బస్సెక్కాడు బావా. జనం అసహ్యించుకుని పక్కకి జరిగారు. నేనే దగ్గరుండి ఎక్కించాను.